కారు కింద అట్ట

మా అత్త పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోదు. చెప్పులేసుకుని వాకిట్లోకి వెళ్ళి, కారు ముందు గొంతుక్కూర్చుని, దాని కిందనుంచి ఒక పెద్ద అట్టముక్కను బయటికి లాగుతుంది. పేపరు చదివేవాళ్ళలాగా దాన్ని వెలుతురుకు పట్టుకుంటుంది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చూస్తుంది. అక్కడక్కడా వేలితో తాకి వాసన చూస్తుంది. అప్పుడు లోపలికి వస్తుంది.

"ఏమిటి విశేషాలు?" అని మంచం మీదినుంచే అడుగుతాడు మామయ్య.

"ఏమీ లేవు" అంటుంది అత్త.

ఆ మాట విన్నాకే మా ఇంట్లో టీ నీళ్ళు పొయ్యి ఎక్కుతాయి.

అత్త అంటే మా నాన్నకి చెల్లెలు. తొమ్మిదో తరగతి మధ్యలో నా చదువు ఆగిపోయింది. ఆ ఏడాది నుంచి నేను వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. వాళ్ళకి పిల్లలు లేరు. కారు ఉంది. మామయ్య దాన్ని 'పెద్దమ్మాయి' అంటాడు. నేను దాని తర్వాత వచ్చాను కాబట్టి నన్ను 'చిన్నమ్మాయి' అంటాడు. "పెద్దమ్మాయికి చిన్న దగ్గొచ్చినా మీ అత్తకి ముద్ద దిగదు. నాకు జ్వరమొస్తే మాత్రం మాత్రేసుకుని పడుకోమంటుంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ మొరపెట్టుకుంటాడు. వీధిలో అందరికీ ఆమె 'కారత్త'. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.

అత్త కార్లలో తిరుగుతూ పెరిగిన మనిషి కాదు. బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేది. బల్ల ముందు నిలబడితే షిఫ్టు అయ్యేదాకా నిలబడే ఉండాలి. ఆవిరికి చేతుల మీద చర్మం ఎర్రబడి పొరలు లేచేది. మోకాళ్ళు రెండూ అక్కడే పాడయ్యాయి. ఆ ఫ్యాక్టరీ యజమాని కారుకి ఒక ముసలి డ్రైవరు ఉండేవాడు. ఆయన అప్పుడప్పుడూ ఇస్త్రీ గదికి వచ్చి, చొక్కాలు సర్దే పెట్టెల్లోంచి ఒక తెల్ల అట్ట అడిగి పట్టుకెళ్ళేవాడట. చెయ్యి తిరిగిన డ్రైవరుకి అట్టతో ఏం పని అని అత్తకి ఒకటే ఆరాటం. ఒకరోజు భోజనాల వేళ వెళ్ళి చూస్తే, అది కారు కింద పరిచి ఉంది.

"పరుపా అది, మీ కారుకి?" అని అడిగిందట.

"పరుపు కాదమ్మా, పలక. రాత్రంతా ఇది రాస్తుంది. పొద్దున్నే నేను చదువుతాను" అన్నాడట ఆయన.

అక్కడ మొదలైంది అత్త చదువు. సెలవు రోజుల్లో ఖాళీగా ఉండే ఫ్యాక్టరీ ఆవరణలో ఆయన దగ్గర కారు నేర్చుకుంది. చాలా రోజులు ఆమెను స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదట. టైర్లలో గాలి చూడమనేవాడు. ఆయిల్ చూసే కడ్డీని తీసి, తుడిచి, మళ్ళీ ముంచి, గీత ఎక్కడుందో చెప్పమనేవాడు. "నడపడం ఎవరైనా నడుపుతారు. దారిలో ఆగిపోకుండా నడపడం వేరు" అనేవాడట. తర్వాత యజమాని కొత్త కారు కొనుక్కున్నాడు, ముసలాయన పని మానేసి ఇంటికి వెళ్ళిపోయాడు, పాత కారు చవగ్గా అత్త దగ్గరికి వచ్చింది. అది వచ్చిన వారమే అత్త ఇస్త్రీ బల్లకు దణ్ణం పెట్టేసి బయటపడింది. ఊళ్ళోవాళ్ళను స్టేషనుకీ, ఆసుపత్రికీ, బంధువుల ఇళ్ళకీ తిప్పడమే అప్పటినుంచి ఆమె పని.

అట్ట చదవడం నాకు అత్తే నేర్పింది. స్కూల్లో ఏ పుస్తకాన్నీ నేను ఇంత శ్రద్ధగా చదవలేదు. నల్లగా చిక్కగా ఉండి వేళ్ళ మధ్య జారేది ఇంజిన్ ఆయిల్. రంగు నీళ్ళలా ఉండి, తాకితే జిగటగా, వాసన చూస్తే కాస్త తియ్యగా ఉండేది ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్. అది గనక కనిపిస్తే అత్త మొదట నేల కడిగేస్తుంది, ఏ కుక్కో పిల్లో నాకితే ప్రాణం పోతుందని. పల్చటి ఎర్ర నూనె స్టీరింగుది. చక్రం పక్కన లేత పసుపు తడి కనిపిస్తే అది బ్రేకు నూనె అనుకోవాలి. ఆ రోజు ఎవరు పిలిచినా, ఎంత బతిమాలినా కారు గడప దాటదు. మెకానిక్కే ఇంటికి రావాలి. ఉత్త నీటి చుక్కలైతే మాత్రం భయం లేదు. అది ఏసీ కార్చిన చెమట.

"చెమట పట్టడం తప్పేం కాదు. పనిచేసేవాళ్ళకే పడుతుంది" అంటుంది అత్త.

ఆమె పద్ధతులు ఇంకా చాలా ఉన్నాయి. టైర్లలో గాలి పొద్దున్నే, చక్రాలు చల్లగా ఉన్నప్పుడే చూస్తుంది. నాలుగూ చూసి వదిలెయ్యదు, డిక్కీలో పడుకున్న ఐదోదాన్ని కూడా లేపి చూస్తుంది. "అవసరానికి అక్కరకొస్తాడని ఇంట్లో పెట్టుకుని, వాడికి తిండి పెట్టకపోతే ఎట్లా?" అంటుంది. బ్యాటరీ మీద తెల్లటి పొడి కనిపిస్తే, తీగలు ఊడదీసి, వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో పాత టూత్‌బ్రష్ పెట్టి తోముతుంది. పెట్రోలు ముల్లు పావు వంతు కిందికి దిగనివ్వదు. పొద్దున బండి తీయగానే ఉరికించదు. కాస్త దూరం నడక నేర్చుకునే పిల్లలా పోనిస్తుంది. గేరు మార్చాక క్లచ్ మీద కాలు పెట్టుకుని కూర్చోదు. కారు నడుపుతున్నంతసేపూ రేడియో పెట్టనివ్వదు.

"పాటలు లేవా?" అని ఎక్కినవాళ్ళు అడిగితే, "ఉందిగా, అదే పాడుతోంది, వినండి" అని ముందుకు చూపిస్తుంది. వాళ్ళు వింటారు. ఇంజిన్ చప్పుడు తప్ప ఏమీ ఉండదు. వెనకసీటు మూల కూర్చుని నేను నవ్వాపుకుంటాను. తలుపులు తీయడానికీ, సామాన్లు దించడానికీ నన్ను వెంట తీసుకెళ్తుంది అత్త. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. చూస్తూ కూర్చుంటాను.

ఇంత చేసినా పోయినేడు అత్తకి బేరాలు తగ్గిపోయాయి. జనం ఫోన్లో నొక్కితే కొత్త కార్లు గుమ్మం ముందుకే వస్తున్నాయి. మామయ్యది షాపుల బోర్డులకు అక్షరాలు రాసే పని. ఆ పని కూడా మిషన్లలో అచ్చయ్యే బోర్డులు వచ్చాక పల్చబడింది. మా కష్టం వాసన అందరికంటే ముందు పట్టింది వీధి చివర మలుపు దగ్గరుండే పాత ఇనుము వ్యాపారి. ఒకరోజు నడుచుకుంటూ వచ్చి, బానెట్ మీద పుచ్చకాయను కొట్టి చూసినట్టు వేళ్ళతో కొట్టాడు.

"కారత్తా, ఇది నిన్ను మోస్తోందా, నువ్వు దీన్ని మోస్తున్నావా?"

"ముందు నువ్వు చెయ్యి తియ్యి" అంది అత్త.

"తీస్తాన్లే. కాటా మీద పెట్టేటప్పుడు మళ్ళీ వేస్తాగా" అని నవ్వుతూ పోయాడు.

అత్త ఆ రోజు అన్నం సగంలో లేచింది. ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల ఒకటి ఖాళీగా ఉందని కూడా అప్పటికే కబురొచ్చింది. మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, "ఇంకో నెల చూస్తాను. కుదరకపోతే దీన్ని అమ్మేసి బల్ల దగ్గరికి పోతాను" అంది. మామయ్య ఆ రోజు ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

అలాంటప్పుడు వచ్చింది కొండాసుపత్రి కబురు.

ఊరి పక్క కొండ మీద ఒక ఆసుపత్రి ఉంది. అందులో నర్సులు కొందరు కిందే, మా ఊళ్ళోనే ఉంటారు. పొద్దున గంట కొట్టేలోపు వాళ్ళు పైకి చేరితేనే, రాత్రంతా పనిచేసినవాళ్ళు దిగడానికి వీలవుతుంది. ఒక వ్యాన్ వాళ్ళను తీసుకెళ్ళేది. దాని డ్రైవరుకి పెట్రోలు పోయడం తప్ప ఇంకో సేవ తెలియదు. వ్యాన్ మాటిమాటికీ మలుపుల్లో పొగలు కక్కి ఆగిపోవడం, నర్సులు సంచులు మోసుకుంటూ ఎండలో ఎక్కడం, పైనవాళ్ళు కళ్ళు మూతలు పడుతుంటే ఎదురుచూడటం. ఆసుపత్రి పెద్ద నర్సమ్మకి విసుగెత్తిపోయింది. అత్త ఎప్పుడో ఆమె అక్కగారిని స్టేషనుకి దింపింది. ఆ గుర్తుతో మా ఇంటికి మనిషిని పంపింది. రేపు పొద్దున ఒక్కసారి తీసుకెళ్ళమంది. తనే ఎక్కి చూస్తానంది. బాగుంటే రోజూ పని ఇస్తుంది. దారిలో ఆగిపోతే, ఇంకో బండి చూసుకుంటుంది.

"ఇది గట్టెక్కితే పెద్దమ్మాయి మనింట్లోనే ఉంటుంది" అంది అత్త.

ఆ సాయంత్రం అత్త కారుని అణువణువూ చూసింది. ఆయిల్ గీత, కూలెంట్ సీసా, బెల్టు, లైట్లు, టైర్లు. వైపర్ల రబ్బరు చివర చిరిగిందని కనిపెట్టి, కొత్తది తేవడానికి బజారుకి వెళ్ళింది. నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. అందరూ తలో చెయ్యి వేస్తున్నారు, తను ఒక్కడే ఖాళీగా ఉన్నానని మామయ్యకి తోచింది కాబోలు. రంగు డబ్బాలు దించాడు.

నేను వచ్చి చూసేసరికి కారు మూతి మెరిసిపోతోంది. బానెట్ కింద, ముందు భాగంలో గాలి పోవడానికి ఉండే జాలీ, వెలిసిపోయి బూడిదరంగుకి తిరిగినది, ఇప్పుడు నిగనిగలాడే నలుపు. స్ప్రే డబ్బాకి మూత పెడుతూ, వెనక్కి నాలుగడుగులు వేసి, తల పక్కకి వాల్చి చూసుకుంటున్నాడు మామయ్య. చేతివేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి.

"ఎట్లా ఉంది చిన్నమ్మాయ్? రేపు మీ పెద్దమ్మాయి పరీక్షకి పోతోంది. మొహం కడిగి, కాటుక పెట్టి పంపించొద్దూ?"

బాగుందని తల ఊపాను. అత్త వచ్చి చూసి, "ఉన్న రంగు ఊడగొట్టలేదు కదా?" అంది ముందు. తర్వాత రెండుసార్లు బయటికొచ్చి చూసుకుంది. నచ్చిందని మాకు అర్థమైంది.

మర్నాడు పొద్దున అత్త ఎప్పటిలాగే కారు ముందు కూర్చుని చెయ్యి చాపింది. అట్ట లేదు.

"ఇదిగో, నిన్నే. అట్టేదీ?"

"ఇక్కడే ఎక్కడో పెట్టాను, కనపడుతుందిలే" అన్నాడు మామయ్య దుప్పట్లోంచి. "ఒక్కరోజు చదవకుండా పోతే పరీక్ష తప్పుతావా ఏమిటి?"

అత్త సణుక్కుంటూ టార్చిలైటు వేసి నేల చూసింది. పొడిగా ఉంది. బానెట్ ఎత్తి ఆయిల్ చూసింది, కూలెంట్ చూసింది. రెండూ సరిగ్గా గీత మీద ఉన్నాయి. "పద" అంది నాతో. నేను మాత్రం వాకిట్లో గోడ వారనా, మెట్ల కిందా కళ్ళతో వెతికాను. అట్ట ఎక్కడా కనిపించలేదు. చిన్న విషయమే. కానీ రోజూ ఉండేది లేకపోతే, పన్ను ఊడినచోటికి నాలుక పోయినట్టు, నా మనసు అక్కడికే పోతూ ఉంది.

పెద్ద నర్సమ్మ అత్త పక్కన ముందు సీట్లో కూర్చుంది. జుట్టు బిగించి ముడివేసుకున్న మనిషి. చేతిసంచి ఒళ్ళో నిలబెట్టుకుంది. వెనక నాతో ఇద్దరు నర్సులు. ఒకామె ఎక్కీ ఎక్కగానే కిటికీకి తల ఆనించి కునుకు తీసింది. ఇంకొకామె ఎక్కీ ఎక్కగానే మాట్లాడటం మొదలుపెట్టింది.

"వ్యాన్ కంటే మెత్తగానే ఉందే! పాటలు పెట్టరా?"

"వినాలమ్మా" అంది అత్త.

"అదే, వింటాం, పెట్టండి."

"నేను వినాలి" అంది అత్త.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. కొండ మొదలయ్యే చోట అత్త గేరు తగ్గించింది. "ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ అదే గేరు. దిగేటప్పుడు బ్రేకునే నమ్ముకుంటే అది కాలిపోతుంది" అని నాకు ఎన్నోసార్లు చెప్పింది. మొదటి మలుపు తిరిగాక అద్దంలో అత్త మొహం చూశాను. కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఆమె ఏదో వింటోంది. నేనూ చెవులు రిక్కించాను. ఇంజిన్ చప్పుడు వెనక ఇంకో చప్పుడు, ఎడతెగని ఝుమ్మనే చప్పుడు. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోంది. అది తిరగడంలో వింత లేదు, కాసేపు తిరిగి ఆగుతుంది. ఇవాళ ఆగడం లేదు.

ఇంకో మలుపు తిరిగాం. వేడి చూపించే ముల్లు ఎప్పుడూ సగం దగ్గర నిద్రపోతూ ఉంటుంది. అది కాస్త లేచింది. కాస్తంటే కాస్తే. కొత్తవాళ్ళకి తెలియను కూడా తెలియదు.

"అద్దాలన్నీ దించండి" అంది అత్త. "హీటర్ వేస్తున్నాను."

"హీటరా!" అని మాటల నర్సు ఎగిరిపడింది. "ఈ ఉక్కలోనా? నర్సమ్మా, మనల్ని ఉడకబెట్టి పైకి తీసుకెళ్తుందేమో ఈవిడ!"

"ఇంజిన్‌కి వేడి చేసిందమ్మా. ఆ వేడి కొంత మనం తీసుకుంటే దానికి కాస్త ఊరట" అంది అత్త.

వేడిగాలి మొహాలకి కొట్టింది. కునుకు నర్సు లేచి కూర్చుని, "వచ్చేశామా?" అంది. పెద్ద నర్సమ్మ చెంపల మీద చెమట కారుతోంది. ఆమె తుడుచుకోలేదు. ఆమె కూడా ఆ ముల్లునే చూస్తోంది.

ముల్లు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ లేచింది.

రోడ్డు పక్క చెట్టు నీడలో వెడల్పైన చోటు ఒకటి కనిపించింది. ఆపితే ఏమవుతుందో ఆ కారులో నాకూ అత్తకీ తెలుసు. ఇంకొన్ని మలుపులు తిరిగితే పైకి చేరేవాళ్ళమేమో. అత్త చేతులు స్టీరింగ్ మీద ఒక్కక్షణం బిగుసుకున్నాయి. తర్వాత ఇండికేటర్ వేసి, కారుని నీడలోకి తిప్పి ఆపింది.

"అయిపోయింది" అంది మాటల నర్సు. "వ్యానే నయం. అది ఇంకో రెండు మలుపులు పైదాకా తీసుకెళ్ళి చచ్చేది."

అత్త వినిపించుకోలేదు. నేను దిగి, రోడ్డు వారనున్న రాయి తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టాను. అత్త ఇంజిన్ ఆపకుండా బానెట్ ఎత్తింది. మాటల నర్సు పక్కకొచ్చి, రేడియేటర్ మూత చూపించి, "అది తీసి నీళ్ళు పోసేస్తే సరి, మా వ్యాన్ వాడు అట్లాగే చేసేవాడు" అంటూ చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దు!" అత్త గొంతు నేను అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. "వేడి మీద దాని మూత తీస్తే మొహం మీదికి చిమ్ముతుంది తల్లీ. చల్లారేదాకా దాని జోలికి పోకూడదు."

"నిజమే. వ్యాన్ వాడి చేతికి కట్టు కట్టింది నేనే" అంది పెద్ద నర్సమ్మ.

అత్త వరసగా చూసింది. సీసాలో కూలెంట్ ఉంది. కింద నేల పొడిగా ఉంది. బెల్టు బిగువుగా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. అన్నీ ఉన్నాయి, అయినా వేడి. అత్త మొహంలో మొదటిసారి బెదురు కనిపించింది. ఇస్త్రీ బల్ల కళ్ళముందు కనిపించిందేమో. మోకాలి మీద చెయ్యేసుకుని లేచి నిలబడింది. జేబురుమాలు తీసి, కారు ముందుకు వచ్చి, మెరిసే జాలీకి ఎదురుగా పట్టుకుంది. ఎందుకో నాకు తెలుసు. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు గాలి లోపలికి లాగాలి, గుడ్డ జాలీకి అతుక్కోవాలి.

ఒక చివర అతుక్కుంది. అత్త దాన్ని మధ్యకి జరిపింది. గుడ్డ జారి కింద పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది.

"ఇక్కడ గాలి ఆడటం లేదు. ఎందుకు ఆడటం లేదు?" అంది తనలో తను.

అప్పుడు నాకు మామయ్య వేళ్ళు గుర్తొచ్చాయి. వేళ్ళన్నీ నల్లగా అయ్యాయి కదా, మరి జాలీ వెనక రంగు పడకుండా ఉంటుందా? పడకూడదని ఆయన ఏదో ఒకటి అడ్డం పెట్టే ఉంటాడు. బోర్డులు రాసేటప్పుడు కూడా గోడ మీద రంగు పడకుండా ఏదో ఒకటి అడ్డం పెట్టడం ఆయనకి అలవాటు. చేతికి అందేది ఏముంది అక్కడ? ముగ్గురు కొత్తవాళ్ళు ఉన్నారు. నా నోరు మామూలుగా అయితే పెగలదు.

"అత్తా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి అన్నాను. "అత్తా, మన అట్ట."

అత్త నా వైపు చూసింది. తర్వాత జాలీ వైపు చూసింది. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, వంగి, జాలీకి కన్ను ఆనించి టార్చిలైటు వేసింది. లోపల అంతా నలుపే. రేడియేటర్ రేకుల మీద లైటు పడితే మెరవాలి. మెరవలేదు. జాలీకీ రేడియేటర్‌కీ మధ్య సందులో, మా ఇంటి అట్ట, మామయ్య రంగుతో నల్లగా, ఒళ్ళు దాచుకుని నిలబడి ఉంది.

"ఓరి నా మొగుడా!" అంది అత్త.

పైనుంచి సందు సన్నం. చెయ్యి దూరదు. పుల్లతో పొడిస్తే ఇంకా కిందికి జారుతోంది. పెద్ద నర్సమ్మ తన చేతిసంచి తెరిచి, గుడ్డలో చుట్టిన పొడవాటి పటకారు తీసింది. గాయాల్లో దూది పెట్టడానికి వాడతారే, అది. "పైన పాతవి సరిగ్గా పట్టడం లేదని కొత్తది తీసుకెళ్తున్నాను" అంటూ మాటల నర్సు చేతిలో పెట్టింది. "నీకు చెయ్యి తిరిగిన పనే కదా."

అంతసేపూ వెక్కిరించిన ఆ నర్సు చేతులు పైకి మడిచి వంగింది. నాలుక బయటపెట్టి, లైటు పట్టమని నన్ను గద్దించి, సందులోకి పటకారు దింపింది. "దొరికింది... జారకే... ఆ, వస్తోంది, వస్తోంది. అందరూ పక్కకి జరగండి!" నల్లటి అట్ట అంచు పైకి వచ్చింది. అత్త రెండు చేతులతో అందుకుని లాగింది.

"పుట్టింది! ఆడపిల్లా మగపిల్లా?" అంది కునుకు నర్సు, అప్పటికి పూర్తిగా నిద్ర వదిలి.

"అట్టపిల్ల!" అంది మాటల నర్సు, చెమట తుడుచుకుంటూ. నలుగురూ ఒక్కసారి నవ్వారు. నాకూ నవ్వు వచ్చేసింది, అదీ పైకి.

అత్త ఇంజిన్ స్టార్ట్ చేసింది. ఫ్యాన్ ఝుమ్మంది. జేబురుమాలు పెట్టి చూసింది. ఈసారి ఎక్కడ పెడితే అక్కడ చప్పున అతుక్కుంది. మేం చూస్తుండగానే ముల్లు మెల్లగా దిగి తన చోటికి వచ్చి పడుకుంది. కాసేపటికి ఫ్యాన్ దానంతటదే ఆగింది. ఆ నిశ్శబ్దం అంత బాగుంటుందని నాకు అంతకుముందు తెలియదు. చక్రం కింద రాయి తీశాను.

మిగిలిన కొండ పెద్దమ్మాయి ఎక్కిన తీరు నేను చెప్పాలంటే మాటలు చాలవు. ఒకే ఊపు, ఒకే చప్పుడు. మలుపు తర్వాత మలుపు. ఎవరూ పాటలు అడగలేదు. మాటల నర్సు కూడా నోరు మూసుకుని ఇంజిన్ వింటోంది. మేం గేటులోకి వెళ్ళి, తలుపులు తీసి, సంచులు దించాక గంట మోగింది. రాత్రి పనిచేసినవాళ్ళు మెట్ల మీదికి వచ్చి, మమ్మల్ని చూసి, అక్కడే చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు.

అత్త కారు పక్కన నిలబడింది. దారిలో ఆగిపోతే పని లేదన్న మాట ఆమె మర్చిపోలేదు. తనే అంది.

"ఆగాం, నర్సమ్మగారూ. ఆగలేదని నేను చెప్పను."

"ఆగిపోలేదు, ఆపావు" అంది పెద్ద నర్సమ్మ. "వ్యాన్ వాడు ఆవిరి వచ్చేదాకా తొక్కేవాడు. నువ్వు ముల్లు వెంట్రుకంత కదలగానే ఆపావు, పని పోతుందని తెలిసీ. మా వార్డులో కొత్త నర్సులకి నేను నేర్పేదీ అదే. రోగి ఒళ్ళు కాస్త వెచ్చబడ్డప్పుడే చెప్పండి, కాలిపోయాక కాదు అని. సగంమంది వినరు." కారు జాలీ వైపు చూసి మొదటిసారి నవ్వింది. "రేపటినుంచి రా. ఎక్కించేదీ నువ్వే, దించేదీ నువ్వే. ఆ పిల్లని కూడా తీసుకురా. ఒకే ఒక్క మాట మాట్లాడింది, అదే మనల్ని పైకి చేర్చింది."

అత్త నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. అది మా ఇంట్లో ముద్దుతో సమానం.

దిగేటప్పుడు రాత్రి నర్సులు ముగ్గురూ మొదటి మలుపుకే నిద్రపోయారు. అత్త ఎక్కిన గేరులోనే, బ్రేకు మీద కాలు అప్పుడప్పుడూ ఆనిస్తూ దింపింది. వాళ్ళను ఇళ్ళ దగ్గర దించేశాక, ఎప్పుడూ పోయే దారిలో కాకుండా వీధి చివర మలుపు వైపు తిప్పింది. అవసరం లేనిదే హారన్ కొట్టని మా అత్త, పాత ఇనుము కొట్టు ముందు కారు నెమ్మది చేసి, చెయ్యి ఆనించి అలాగే ఉంచింది. వ్యాపారి కాటా వదిలేసి బయటికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది కారత్తా?"

"కొండాసుపత్రి పని వచ్చింది. రోజూ ఇటే పోతాను. నువ్వు పొద్దున్నే లేవడానికి ఉంటుందని చెప్పి పోదామని" అంది అత్త.

ఇంటి ముందు మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తున్నాడు. మా మొహాలు చూసి ఆయన మొహం విప్పారింది. "ఎక్కిందా? చూశావా, మొహానికి రంగు వేసిన వేళావిశేషం!" అన్నాడు. అత్త డిక్కీ తెరిచి నల్లటి అట్ట తీసి ఆయన చేతుల్లో పెట్టింది. మామయ్య దాన్ని తిప్పి చూశాడు. ఆయన చూపు అట్ట మీదినుంచి జాలీకి, జాలీ మీదినుంచి అత్తకీ వెళ్ళింది. నాలుక కరుచుకున్నాడు.

"ఇది... అక్కడే..."

"అక్కడే. పెద్దమ్మాయి ముక్కులో దూది కుక్కి పరీక్షకి పంపించావు."

"అయినా పాసైంది కదా" అన్నాడు మామయ్య నెమ్మదిగా. అత్త చెప్పు కోసం వంగినట్టు వంగి, అక్కడే కూర్చుండిపోయి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. కారు అమ్మనక్కర్లేదు. బల్ల దగ్గర నిలబడనక్కర్లేదు.

ఆ సాయంత్రం మామయ్య ఎక్కడినుంచో తెల్లటి కొత్త అట్ట తెచ్చాడు. దాని అంచున, పెద్ద షాపుల బోర్డులకు రాసే గుండ్రటి అక్షరాలతో, ఎర్రరంగులో రాశాడు: 'దీనిని ఎవరూ కదిలించరాదు. ముఖ్యంగా నేను.' అత్త చదివి, మూతి తిప్పుకుని, దాన్ని తనే కారు కింద పరిచింది.

మర్నాడు పొద్దున అత్త నన్ను ముందుకు తోసింది. "ఇవాళ నువ్వు చదువు" అంది. నేను గొంతుక్కూర్చుని అట్ట లాగి వెలుతురుకు పట్టుకున్నాను. మధ్యలో ఎర్రటి చుక్క! ఎరుపంటే స్టీరింగ్ నూనె. మొదటిరోజే ఇలాగా? వేలితో తాకాను. జారలేదు, ఎండిపోయి ఉంది. వాసన చూశాను. మామయ్య చొక్కాలకి ఉండే రంగు వాసనే.

"ఏమిటి విశేషాలు?" అన్నాడు మామయ్య మంచం మీదినుంచి.

"కారువి ఏమీ లేవు మామయ్యా" అన్నాను, లోపలికి వినపడేటంత గట్టిగా. "ఉన్నవన్నీ నీవే."

లోపల అత్త నవ్వుతూ టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినిపించింది.